రింపి కొట్టానికి వెళ్లిన ఉదయం

కోర్పివారా
నవంబరు 12, 1957

లెంపీకి,

ఊనో కర్పినెన్ తిరిగొచ్చాడు.

వాళ్లమ్మ హిల్యా పోయాక ఎనిమిదేళ్లుగా మూతపడి ఉన్న ఇంటి పొగగొట్టంలోంచి మూడు రోజులుగా పొగ వస్తోంది. ఎవరో దారిన పోయేవాళ్లు తలదాచుకున్నారేమో అనుకున్నాను. నిన్న పక్కింటి తావి వచ్చి చెప్పాడు. నేను అప్పుడు పాలు వడకడుతున్నాను. ఒక్క చుక్క కూడా కింద పోలేదు. నాకే ఆశ్చర్యం వేసింది.

నీకు తెలియని సంగతులు కావు, అయినా రాస్తాను. రాస్తే నా కడుపుమంట చల్లారుతుందని కాదు, ఇంకాస్త రగులుతుందని. ముప్ఫై నాలుగు ఫిబ్రవరిలో కలప కొట్టే శిబిరం నుంచి ఇద్దరూ స్కీల మీద బయల్దేరారు. మన ఎల్యాస్‌కి పంతొమ్మిదేళ్లు, వాడికి ఇరవై రెండు. మంచు తుఫాను పట్టుకుంది. రింపి బురదమైదానం దగ్గర ఎల్యాస్ స్కీ విరిగింది, మడమ బెణికింది. వాణ్ని అక్కడి గడ్డికొట్టంలో కూర్చోబెట్టి ఊనో ఎనిమిది కిలోమీటర్లు వచ్చాడు. వచ్చి ఎవరికీ చెప్పకుండా వాళ్లింట్లో పడుకున్నాడు. పోలీసు అధికారి ముందు వాడే ఒప్పుకున్నాడు: "ఎవరికీ చెప్పలేదు. నిద్రపోయాను." తెల్లవారేదాకా ఎదురుచూసి, ఎవరూ రాకపోతే, నా తమ్ముడు ఒక్క స్కీతో బయల్దేరాడు. ఏడు కిలోమీటర్లు వచ్చాడు. గడ్డకట్టిన సరస్సు మీద, మన ఇంటి పొగ కనబడే చోట పడిపోయాడు. ఆ పొగ కింద నేను రొట్టెలు కాలుస్తున్నాను.

ఆ ఏడే ఊనో దేశం వదిలి స్వీడన్ గనులకు పోయాడు. యుద్ధానికి వచ్చి మళ్లీ పోయాడు. ఇప్పుడు మోకాలు చెడిపోయి, పని చెయ్యలేక వచ్చాడట. నేను వెతుక్కుంటూ వెళ్లలేదు లెంపీ. వాడే నా వాకిట్లోకి వచ్చాడు.

అక్క సైమి


తంపెరె
నవంబరు 24, 1957

సైమక్కకు,

నీ ఉత్తరం అందింది. మిల్లులో ఈ నెలంతా తెల్లవారుజాము షిఫ్టు. నూలు దుమ్ముకి దగ్గు పట్టుకుంది గానీ బాగానే ఉన్నాను. మా ఆయన నిన్ను అడిగానని రాయమన్నాడు.

ఊనో సంగతి. అక్కా, ఇరవై నాలుగేళ్లు గడిచాయి. అమ్మా నాన్నా కూడా పోయారు. జబ్బు మనిషి, తన ఇంట్లో తను ఉండనీ. నువ్వు ఆ వైపు వెళ్లకు.

మన గురించి ఏమైనా మాట్లాడాడా? తావితో గానీ ఇంకెవరితో గానీ? ఊరికే అడుగుతున్నాను.

క్రిస్మసుకి ఒక ఊలు శాలువా పంపుతున్నాను. బూడిద రంగు నీకు నచ్చదని తెలుసు, అదే దొరికింది.

నీ లెంపి


కోర్పివారా
జనవరి 13, 1958

లెంపీకి,

శాలువా అందింది. గుర్రానికి కప్పాను, దానికి నచ్చింది.

నువ్వు అడిగినదానికి జవాబు: వాడు ఎవరితోనూ ఏమీ మాట్లాడడు. బడిలో ఆదివారం ప్రార్థనకి వచ్చి తలుపు దగ్గర కూర్చున్నాడు. హిల్యా కూర్చునే బల్ల మీదే. కాఫీ పోసేది నేనే కదా. అందరికీ పోసి, వాడి ముందు నుంచి కూజా పట్టుకుని నడిచిపోయాను. కప్పు ముందుకు చాపినవాడు అలాగే వెనక్కి తీసుకున్నాడు. ఇంటికొస్తుంటే ఒళ్లు తేలికైనట్టు అనిపించింది. కానీ అది చాలలేదు.

మొదట, సరస్సులో రెండు తీరాలు దగ్గరపడే చోట మంచు పలచగా ఉంటుంది కదా, అక్కడికి తీసుకెళ్దామా అనుకున్నాను. ఆ ఆలోచనతో వారం రోజులు హాయిగా నిద్రపోయాను. తర్వాత అనిపించింది, అది ఒక్క క్షణంలో అయిపోతుంది. ఎల్యాస్‌ది ఒక్క క్షణంలో అవలేదు.

నిన్న నేనే వాళ్లింటికి వెళ్లాను. కట్టెలు చీలుస్తున్నాడు. జుట్టంతా నెరిసింది. నన్ను చూసి గొడ్డలి కింద పెట్టాడు.

"కాఫీ పెట్టనా?" అన్నాడు.

"నీ కాఫీ తాగడానికి రాలేదు. వాణ్ని ఎక్కడ వదిలావో నాకు చూపించాలి. నీ చేత్తో, ఇదిగో ఇక్కడ అని."

"ఎనిమిది కిలోమీటర్లు సైమీ. నా మోకాలు..."

"నెమ్మదిగా పోదాం. నాకేం తొందర లేదు."

కాసేపు కట్టెల వంక చూసి, "సరే," అన్నాడు. "ఆదివారం. వెలుగు రాగానే."

స్కీలకు తారు పూసి, పొయ్యి దగ్గర కాచి పెట్టాను. గోడకు ఆనించి ఉన్నాయి. ఇల్లంతా ఆ వాసనే.

సైమి


తంపెరె
జనవరి 17, 1958

అక్కా,

వెళ్లకు. ఈ ఉత్తరం అందేసరికి ఆదివారం దాటకుండా ఉంటే చాలు. వాణ్ని ఏమీ అడగకు, ఏమీ చెయ్యకు. వేసవిలో సెలవు పెట్టి వస్తాను, అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. అన్నీ ఉత్తరంలో రాయలేను. దయచేసి వెళ్లకు.

లెంపి


కోర్పివారా
జనవరి 23, 1958

లెంపీకి,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. ఆదివారం అయిపోయింది.

అంత మంచి ఉదయం ఈ చలికాలంలో ఇంకొకటి రాలేదు. ముందు అది చెప్పాలి. సున్నాకు ఇరవై నాలుగు డిగ్రీలు కింద, గాలన్నది లేదు. గట్టిపడిన పాత మంచు మీద ముందురోజు రెండు వేళ్ల మందం కొత్త మంచు పడింది. స్కీలు దాని మీద పట్టుబట్ట జారినట్టు జారాయి. బర్చ్ చెట్లు కొమ్మ కొమ్మకీ తెల్లగా పూతపట్టి నిలబడ్డాయి. సూర్యుడు పదింటికి గుట్ట అంచు మీదికి వచ్చి, ఇక పైకి ఎక్కకుండా అక్కడే ఉండిపోయాడు. మంచంతా ఒక వైపు గులాబీ రంగు, ఇంకో వైపు నీలం.

నేను ముందు, వాడు వెనక. నా స్కీల చప్పుడు, నా కర్రల చప్పుడు, వెనక వాడి ఎడమ కాలు ఈడ్చుకునే చప్పుడు. ఇంకేమీ వినబడలేదు. మూడో కిలోమీటరు దగ్గర నా కర్ర పక్క నుంచే ఒక అడవికోడి మంచు చీల్చుకుని దభాలున లేచింది. నేను వెనక్కి పడబోయాను. వాడు నవ్వాడు. నేనూ నవ్వేశాను లెంపీ. ఆ నవ్వు నోట్లోంచి వచ్చేశాక నా నోటినే కొట్టుకోవాలనిపించింది. అక్కణ్నుంచి వేగం పెంచాను. "కాస్త ఆగు సైమీ," అని రెండుసార్లు అన్నాడు. వినబడనట్టు పోయాను.

కొట్టం అలాగే ఉంది, కప్పు ఒక మూల కుంగింది. స్కీలు విప్పి వాడు లోపలికి వంగి వెళ్లాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"ఇక్కడ," అన్నాడు, గోడ వారగా చెయ్యి పెట్టి. "గడ్డి మెడదాకా కప్పాను. నా చేతి తొడుగులు కూడా వాడికే ఇచ్చాను."

"ఏమన్నాడు వాడు?"

"తొందరగా రా, లేకపోతే ఈ గడ్డంతా తినేస్తా అన్నాడు."

అచ్చం ఎల్యాస్ మాటే.

"నువ్వు వెళ్లి ఏం చేశావు?"

"తెలుసు కదా. పోలీసులకి చెప్పిందే."

"నీ నోటితో మళ్లీ చెప్పు."

"నిద్రపోయాను," అన్నాడు. నా మొహంలోకి చూడలేదు.

నేను వంగి వాడి ఎడమ స్కీ తీసి భుజం మీద పెట్టుకున్నాను. వాడు బయటికి వచ్చి చూశాడు. కుడిది మంచులో గుచ్చి ఉంది.

"సైమీ, అది నాది."

"వాడికీ ఒక్కటే మిగిలింది."

అరుస్తాడనుకున్నాను. మీదికి వస్తాడనుకున్నాను. నడుముకి కత్తి పెట్టుకునే వెళ్లాను. వాడు ఆకాశం వంక చూసి, "ఇవాళ గాలి లేదు. వాడికంటే నాకు సులువే," అన్నాడు. ఆ మాట పళ్ల కింద రాయిలా తగిలింది. అయినా తిరిగి చూడకుండా వచ్చేశాను.

తిరిగొచ్చే దారి ఎంత బాగుందో నీకు చెప్పలేను. చెప్పడానికి సిగ్గుపడను కూడా. భుజం మీద ఆ స్కీ బరువే తెలియలేదు. మా జాడలోనే స్కీలు వాటంతటవే పోయాయి. మధ్యలో ఎండ పడే చోట ఆగి, ఒక్కరికి సరిపడా తెచ్చుకున్న కాఫీ తాగి, రై రొట్టె తిన్నాను. చిన్న బూడిద పిట్ట ఒకటి వచ్చి రొట్టె ముక్క ఎత్తుకుపోయింది. ఇరవై నాలుగేళ్లలో అంత ప్రశాంతంగా ఎప్పుడూ లేను.

ఒంటిగంటకి ఇల్లు చేరాను. కిటికీ దగ్గర కూర్చున్నాను. రెండు గంటలకు లేచి బూట్లు తొడుక్కున్నాను, విప్పేశాను. మూడింటికి చీకటి పడుతుంటే మళ్లీ తొడుక్కున్నాను, మళ్లీ విప్పేశాను. ఈ సంగతి ఎవరికీ చెప్పను, నీకు తప్ప. అప్పుడు సరస్సు మీద తావి గుర్రపుబండి కనబడింది. మంచు కింద వేసిన వలలు చూసి వస్తూ ఊనోని చూశాడట. ఊనో ఐదు కిలోమీటర్లు వచ్చాడు, చివరికి పాకుతున్నాడు. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు. మూడు కాలివేళ్లు తీసేశారు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న పోలీసు అధికారి వచ్చాడు. అన్నీ చెప్పేద్దామని వాడి స్కీ బల్ల మీద సిద్ధంగా పెట్టాను. ఆయన అటు చూడనైనా చూడలేదు. "కర్పినెన్ చెప్పాడు," అన్నాడు. "ఒంటరిగా వెళ్లాడట, వాగు దగ్గర స్కీ జారి పోగొట్టుకున్నాడట. మీరు ముందే హెచ్చరించారట, వినలేదట. ఆ మోకాలితో ఒంటరిగా తిరగొద్దని మీరైనా మళ్లీ చెప్పండి."

నన్ను కాపాడాడు. వాడు, నన్ను. ఎందుకు? నా పగ కూడా నాకు మిగలనివ్వడా? నీకేమైనా తెలిస్తే చెప్పు. "అన్నీ ఉత్తరంలో రాయలేను" అన్నావు. రాయి.

సైమి


తంపెరె
ఫిబ్రవరి 2, 1958

అక్కా,

నాలుగు కాగితాలు చించాను. ఇది ఐదోది. ఇది చించను.

ఊనో ఆ సాయంత్రం నేరుగా ఇంటికి పోలేదు. నా దగ్గరికి వచ్చాడు.

ఆ ఏడు నేను బడి పంతులుగారి ఇంట్లో పని చేసేదాన్ని, గుర్తుందా. రింపి వైపు నుంచి వస్తే ఊళ్లో అదే మొదటి ఇల్లు. వంటింటి మెట్ల మీద ఊనో నిలబడ్డాడు. చేతులకు తొడుగులు లేవు, వేళ్లు తెల్లగా కొయ్యలా ఉన్నాయి, పెదవులు కదలడం లేదు. "ఎల్యాస్ రింపి కొట్టంలో ఉన్నాడు, స్కీ విరిగింది. పంతులుగారితో చెప్పు, గుర్రం పంపమను. నా వల్ల కాదిక," అన్నాడు. "చెబుతాలే, నువ్వు ఇంటికెళ్లి పడుకో," అన్నాను.

చెప్పలేదు.

దానికి ముందు వారం నేనూ ఊనో సరస్సు ఒడ్డున కలుసుకోవడం ఎల్యాస్ చూశాడు. వాడు నన్ను చెంప మీద కొట్టింది నీకు తెలియదు. నాన్నకు కూడా చెప్పాడు, నన్ను వసంతంలో అత్త వాళ్లింటికి పంపించెయ్యాలని ఇద్దరూ మాట్లాడుకున్నారు. నా చెంప ఇంకా మండుతూనే ఉంది. ఒక్క రాత్రి గడ్డిలో చలికి వణికితే వాడి పొగరు అణుగుతుందనుకున్నాను. చస్తాడనుకోలేదు అక్కా. కొట్టం కదా, గడ్డి ఉంది కదా అనుకున్నాను. పంతులుగారి భార్య, "ఎవరొచ్చింది?" అని అడిగింది. "గాలికి తలుపు కొట్టుకుంది," అన్నాను. గిన్నెలు తోమి పడుకున్నాను.

పోలీసు అధికారి ఊనోని అడిగినప్పుడు నేను గదిలోనే ఉన్నాను. "ఎవరికైనా చెప్పావా?" అన్నాడు. ఊనో నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. "ఎవరికీ చెప్పలేదు," అన్నాడు.

తర్వాత రెండుసార్లు నాకు రాశాడు. జవాబివ్వలేదు.

అమ్మ ఉండగా నోరు తెరవలేకపోయాను. అమ్మ పోయాక, ఇప్పుడెందుకులే అనుకున్నాను. నువ్వు వాణ్ని తిడుతూ రాసిన ప్రతి ఉత్తరం చదివినప్పుడు, తిట్టు నాకు తగలకుండా పక్క నుంచి పోయిందని ఊపిరి పీల్చుకునేదాన్ని. ఇది కూడా నిజమే, అందుకే రాస్తున్నాను.

ఊళ్లో మాత్రం చెప్పకు. నీ కాళ్లు పట్టుకుంటాను.

లెంపి


కోర్పివారా
ఫిబ్రవరి 19, 1958

లెంపీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పొయ్యిలో వేద్దామని తలుపు తీసి, ఆగి, దాచాను. నువ్వు మళ్లీ తల దించుకుంటే చూపించడానికి ఉండాలి.

ఊనో ఆసుపత్రి నుంచి వచ్చాడు. వాడి స్కీ తీసుకుని వెళ్లాను. గోడకు ఆనించి, "లెంపి రాసింది," అన్నాను.

స్కీ అంచు వేలితో తడిమాడు. తర్వాత, "ఎన్ని కాగితాలు?" అని అడిగాడు.

"రెండు."

"రెండు కాగితాలు," అన్నాడు. "ఇరవై నాలుగేళ్లు."

"కొట్టం దగ్గర ఎందుకు చెప్పలేదు? నిన్ను అక్కడ వదిలి పోతుంటే కూడా?"

"చెబితే నమ్మేదానివా?"

నమ్మేదాన్ని కాదు.

"నన్ను మంచివాణ్ని చెయ్యకు," అన్నాడు. "మొదటి ఏడు ఆ పిల్ల మీద ఇష్టంతో నోరు మూసుకున్నాను. తర్వాత పంతంతో. ఆ తర్వాత, చెప్పినా వినేవాళ్లు లేరని. నాకు జరిగింది నేను భరించగలను సైమీ. మా అమ్మ సంగతి వేరు. నీళ్ల దగ్గర ఆవిడని ఒక్కరూ పలకరించలేదు. ఆదివారం బడిలో ఆవిడ ముందు నుంచి కాఫీ కూజా నడిచిపోయేదని నాకు రాసింది. ఎవరు పోసేవారో రాయలేదు. మొన్న చూసి తెలుసుకున్నాను. అది లెంపి చేసింది కాదు."

పదిహేనేళ్లు లెంపీ. పదిహేనేళ్లు ప్రతి ఆదివారం ఆ ముసలమ్మ కప్పు ఖాళీగా ఉంచాను. న్యాయం చేస్తున్నాననుకున్నాను. ఆ పగ నాకిచ్చింది నువ్వు. తెలిసే ఇచ్చావు. నేను దాన్ని పెంచుతుంటే తంపెరెలో కూర్చుని ఊపిరి పీల్చుకున్నావు. నాకు ఒక తమ్ముణ్ని లేకుండా చేశావు, అది పదిహేడేళ్ల పిల్ల చేసిందని ఏదో ఒక రోజు అనుకోగలనేమో. నన్ను ఇలాంటి మనిషిని చేసింది మాత్రం నలభై ఒక్క ఏళ్ల ఆడది.

ఊళ్లో చెప్పొద్దన్నావు. సరే, నేను చెప్పను. నువ్వే చెబుతావు. మార్చి పదహారు ఆదివారం, బడిలో, ప్రార్థన అయ్యాక, కాఫీకి ముందు. అందరి ఎదుట లేచి నిలబడి, మెట్ల మీదికి ఎవరొచ్చారో, నువ్వేం చేశావో చెప్పు. హిల్యా పేరు ఎత్తి చెప్పు. నీ తర్వాత నేనూ లేస్తాను, నేను చెప్పాల్సింది నాకూ ఉంది. పోలీసు అధికారిని కూడా రమ్మన్నాను. ఊనో స్కీ వాగులో పోలేదని ఆయనకు అక్కడే చెబుతాను.

రాకపోతే నీ ఉత్తరం నేనే చదువుతాను, కామాతో సహా.

సైమి


తంపెరె
ఫిబ్రవరి 27, 1958

అక్కా,

మా ఆయనకి చెప్పాను. తర్వాత వెళ్లి బస్సు వేళలు కనుక్కుని వచ్చాడు. నాతో ఏమీ మాట్లాడడం లేదు, కానీ వేళలు రాసి ఇచ్చాడు.

పదిహేనో తేదీ శనివారం పొద్దున చర్చి దగ్గర బస్సు దిగుతాను. చెబుతాను. మాటలు నోట్లో తిప్పుకుంటూ చూస్తున్నాను, మగ్గాల చప్పుడులో ఎవరికీ వినబడదు కాబట్టి పైకే అంటున్నాను.

చర్చి నుంచి సరస్సు మీద ఎనిమిది కిలోమీటర్లు కదా. ఎప్పటిలా గుర్రపుబండి పంపుతావా? లేకపోతే తావినైనా? పందొమ్మిదేళ్లయింది నేను స్కీలు ఎక్కి.

లెంపి


కోర్పివారా
మార్చి 6, 1958

లెంపీకి,

బండి రాదు. తావి కూడా రాడు, నేనే వద్దన్నాను.

స్కీలు అడిగి తెచ్చుకో. నీ అన్న బెణికిన మడమతో, తుఫాను తర్వాత మంచులో, ఒక్క స్కీతో ఏడు కిలోమీటర్లు వచ్చాడు. నువ్వు రెండు స్కీలతో, మంచి కాళ్లతో, మార్చి ఎండలో ఎనిమిది రాగలవు. రాలేకపోతే కూర్చో, లేచి మళ్లీ నడువు. దారిలో నీకు ఆలోచించుకోవడానికి బోలెడు సమయం ఉంటుంది. పొద్దుటి పూట అక్కడ చాలా నిశ్శబ్దంగా ఉంటుంది.

నిన్ను ఎలా చూడాలో నాకింకా తెలియదు. అందుకే ఎదురు రాను.

రాత్రి కొత్త మంచు పడితే దారి తెలియదు. కాబట్టి శనివారం వెలుగు రాకముందే చర్చి దాకా వెళ్లి జాడ తొక్కి వస్తాను. అందులోనే నడువు, పక్కకి పోకు. మలుపుల దగ్గర కొమ్మలు గుచ్చి ఉంచుతాను.

సైమి